చామంతి తల తుంచే వేళ

జూన్‌లో నాటిన చామంతి నారు నాలుగు వారాలకల్లా జానెడు ఎత్తు లేస్తుంది. అప్పుడు దాని కొస తుంచేయాలి. చాలామందికి చెయ్యి రాదు. నిగనిగలాడుతూ పైకి లేస్తున్న చిగురును గిల్లేయడం పాపమనిపిస్తుంది. కానీ తుంచకుండా వదిలేస్తే ఏమవుతుందో కార్తీకంలో కళ్లారా చూడాల్సి వస్తుంది. ఒంటికాడ సన్నగా సాగి, పైన నాలుగు పూలు పూసి, ఆ బరువుకే పక్కకి వాలిపోతుంది.

తుంచడానికి కత్తెర అక్కర్లేదు. విచ్చీవిచ్చని రెండు లేతాకులతో సహా కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పక్కకి వంచితే టక్కున తెగాలి. తెగకుండా నార సాగిందంటే అక్కడ కాడ ముదిరిపోయిందన్నమాట. ఇంకాస్త పైన పట్టుకోవాలి. వేళ్లకు అంటుకునే ఆ ఘాటైన పచ్చివాసన సబ్బు పెట్టి కడిగినా ఓ పట్టాన వదలదు. నాకది ఇష్టం. మరికొద్ది రోజుల్లో కింది ఆకుల మొదళ్లలో, ఆకుకీ కాడకీ మధ్య, నువ్వుగింజంత పచ్చటి చిగుళ్లు ఉబ్బుతాయి. ఒక్క కొస పోయిన చోట నాలుగైదు కొమ్మలు లేస్తాయి.

ఇదెలా జరుగుతుందో తెలుసుకున్నాక నాకు ఈ పని మీద గౌరవం ఇంకా పెరిగింది. కొసలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క చిగుళ్లను లేవనివ్వదు. 1933లో థైమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల తలలు కోసి, కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. తల లేకపోయినా పక్క చిగుళ్లు లేవలేదు. కథ అక్కడితో ముగిసిందనే చాలాకాలం అనుకున్నారు. 2014లో బఠాణీ మొక్కల మీద చేసిన పరిశోధన ఇంకో మాట చెప్పింది. పెరిగే కొస చక్కెరను తనవైపు లాక్కుంటూ ఉంటుంది. అది తెగగానే ఆ చక్కెర పక్క చిగుళ్లకు మళ్లుతుంది, వాటిని ముందుగా నిద్రలేపేది అదే.

అయితే కొస తుంచిన ప్రతిసారీ మనం మొక్కను కొంత గడువు అడుగుతున్నాం. తెగిన చోటు మానాలి, కొత్త కొమ్మలు సాగాలి, వాటికి ఆకులు రావాలి. ఆ గడువు ఇవ్వగలిగే స్థితిలో మొక్క ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఎలా కత్తిరించాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లు తక్కువ.

చామంతి గడువిచ్చే మొక్క. రాత్రి నిడివి పెరిగేదాకా అది మొగ్గ తొడిగే తొందరలో ఉండదు. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్‌లో 11 గంటలు. ఆ రెండు గంటల తేడాను మొక్క పట్టుకుంటుంది. పగటి నిడివిని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు మీదా సోయా మీదా చేసిన ప్రయోగాలతో లోకానికి చెప్పారు. ఆ నిడివిని కనిపెట్టేది కొస కాదు, ఆకు. ఈ సంగతి తేల్చిన సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ 1930ల్లో పనిచేసింది చామంతి మీదే. పైసగం ఆకులన్నీ తీసేసి, కింది ఆకులకు మాత్రమే తక్కువ వెలుగు గంటలు ఇచ్చాడు. బోసిగా ఉన్న పైకొస పూసింది! అందుకే గాలి ఆడాలంటూ చామంతి ఆకులన్నీ దూసేసేవాళ్లను చూస్తే నాకు మనసు ఊరుకోదు. నేలకు ఆనేవీ పసుపుపచ్చబడినవీ తీస్తే చాలు.

ఒకే తల్లి పిలకల్ని రెండు కుండీల్లో పెట్టి చూడండి. వీధిదీపం రాత్రంతా పడే గోడవార కుండీ ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. డాబా చీకటి మూలనున్నది మొగ్గ తొడుగుతుంది. ఎరువూ నీళ్లూ ఒకటే.

అన్ని మొక్కలూ ఇలా ఆగవు. గంజాయి కూడా నిజానికి చామంతిలాగే రాత్రి పెరిగితే పూసే జాతి. కానీ 1924లో రష్యాలో రుడెరాలిస్ అని పేరుపెట్టిన పొట్టి రకం ఉంది. వేసవి పొట్టిగా ఉండే చోట బతికిన మొక్క కాబట్టి పగటి లెక్క మానేసి వయసు లెక్కన పూస్తుంది. మన దేశంలో అనుమతి లేకుండా గంజాయి పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు తలా మూడు మొక్కలు ఇంట్లో పెంచుకోవచ్చన్న జర్మనీ వంటి చోట్ల, దీపాల కింద, బట్ట గుడారాల్లో ఈ వయసు లెక్క రకాలను పెంచుతారు. విత్తు నుంచి కోత దాకా రెండున్నర, మూడు నెలలే. వాటి తల తుంచితే, కోలుకునేలోపే పూత మొదలవుతుంది; మొక్క గిడసబారిపోతుంది. అందుకే చాలామంది పెంపకందార్లు తుంచరు, వంచుతారు. లేత కాడను మెత్తటి తీగతో నెమ్మదిగా పక్కకి లాగి కుండీ అంచుకు కడతారు. కొస కిందికి దిగడంతో పక్క కొమ్మలు వెలుగులోకి లేస్తాయి. గాయం లేదు, గడువు అడిగిందీ లేదు.

మన పెరట్లో ఇదే పాఠం పొట్టి టమాటా రకాలకు వర్తిస్తుంది. వాటి ప్రతి కొమ్మా పూగుత్తితో ఆగిపోతుంది. తీగలా సాగే రకానికి పక్క పిలకలు గిల్లినట్టు వీటికీ గిల్లితే కాయలనే గిల్లేసినట్టు. అలాంటివాటికి కర్ర పాతి, అరటినారతో వదులుగా కట్టి, తోచిన దిక్కుకు తిప్పుకోవాలి.

చామంతికి నేను పెట్టుకున్న గడువు వినాయక చవితి. ఆలోపు రెండుసార్లు తుంచుతాను, పండగ దాటాక వేలు పెట్టను. మొగ్గ మొదలైనప్పటి నుంచి పూత విచ్చడానికి చాలా రకాలకు ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. ఆలస్యంగా తుంచితే కార్తీక పూజకు పూలుండవు. శీతాకాలంలో కడియం నర్సరీల్లో ఆకు కనపడకుండా గుండ్రంగా విరగబూసిన చామంతి కుండీలు బారులు తీరి ఉంటాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ల వేళ్లు వానాకాలమంతా చేసిన పని అది. కొనేవాళ్లు రంగు చూస్తారు. నేను ముందు వంగి, కాడ ఎన్నిచోట్ల చీలిందో చూస్తాను.

పూత అయిపోయాక కాడలను నాలుగు వేళ్ల ఎత్తున కోసేస్తే మొదట్లోంచి పిలకలు వస్తాయి. వాటిని ఎండాకాలమంతా పలచని నీడలో, తడి ఆరకుండా కాపాడాలి. మృగశిర కార్తెకు అవే నారు.