కొండపల్లి బొమ్మయు శిల్పమే

మన యిండ్లలో సంక్రాంతికి కొలువు తీర్చునప్పుడు కొండపల్లి బొమ్మకు ఒక మెట్టు తప్పక దక్కును. శిల్పమును గూర్చి ముచ్చటించునప్పుడు మాత్రము దానికి చోటుండదు. అమరావతి ఫలకమును శిల్ప మందుము. పొణికికర్ర బొమ్మను ఆటవస్తు వందుము. ఇది రాతికిని కర్రకును గల భేదమే యైనచో జర్మనీలోని వూర్‌ట్స్‌బుర్గు నగరశిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడరును గూడ ఆటవస్తువుల జాబితాలోనే చేర్పవలసి యుండును.

ఆయన 1485లో అచ్చట స్వతంత్రశిల్పిగా స్థిరపడెను. లిండెను అను మెత్తని కర్రను చెక్కి, కొన్ని పనులకు రంగే పూయక, వస్త్రపు మడతలపై బడు వెలుగునీడలకే భావమును వదలివేసెను. 1525లో రైతులు తిరుగబడగా నగరసభ వారిపై పోరుటకు బిషప్పునకు తోడ్పడ నిరాకరించెను. ఆ సభలో నున్నందున ఆయన చెరసాల పాలయ్యెను, 1531లో గతించెను. పిమ్మట లోకము మరచెను. 1822లో సమాధిఫలకము బయల్పడినందున ఆ పేరు మరల వెలుగునకు వచ్చినది.

కొండపల్లి పనివారికి అట్టి రాయి లేదు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొను ఆర్యక్షత్రియులలో తరతరముల చేతులు పనిచేసినవి. పెక్కు చేతులకు పేరు నిలువలేదు.

పనితీరును చూడుడు. తెల్లపొణికిని సన్నని సెగపై ఆరబెట్టి, ఉలితో మొండెమును, చేతులను, తలపాగాను వేర్వేరుగ చెక్కుదురు. చింతగింజల జిగురుతో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. సున్నపు పూత పూసి, మేకవెండ్రుకల కుంచెతో రంగులు వేయుదురు. కర్ర పూర్తిగా కప్పబడును. కావున రీమెన్‌ష్నైడరు మడతలకొలతతో దీనిని కొలుచుట తగదు. ఇది దూరమునుండి ఒక్క చూపున తెలియవలసిన శిల్పము. రూపరేఖయే దీని ప్రాణము.

ఈ దృష్టితో నా తీర్పు కొందరికి రుచింపకపోవచ్చును. దశావతారముల వరుస నాకంతగా నచ్చదు. అంబారీ యేనుగు ఠీవిగలదే గాని అలంకారము దానిని మింగివేయుచున్నది. తాడిచెట్టునెక్కు గీతగాని చూడుడు! మోకుపై నడుము వెనుకకు వాలును, పాదములు మ్రానును పట్టును. పడునేమో యను శంకయు, పడడను ధైర్యమును ఒకేసారి కలుగును. దంచెడి యాడుదాని యెత్తిన చేతిలోను ఇట్టి బరువే యున్నది. చేసినవాడు పురాణమును వినియుండెను. కష్టమును మాత్రము కన్నులార చూచియుండెను.

మెరుపు రంగులు వచ్చినపిదప ఈ రేఖయే చెడుచున్నది. నీటిరంగు వెలుగును త్రాగును; ఎనామెలు దానిని తిరిగి మన కంటిపై విసరును. పొణికియు అరుదగుచున్నది గనుక, ఉన్న కర్రనైన రేఖ తెలిసిన చేతికి ఈయవలెను.

1999 నాటి చట్టము క్రింద లభించిన భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడినది. చేసినవాని పేరు వ్రాయుటకు పీట యడుగున చోటు లేకపోలేదు; అంగడివారు ధరచీటిని అచ్చటనే అంటించుచున్నారు.