మంగళవాద్యం మజ్దూరీ

షేక్ చినమౌలానా మీద తెలుగులో వచ్చిన వ్యాసం ఏదైనా తీసి చదవండి. నమాజూ, త్యాగరాజ కీర్తనా ఒకే వాక్యంలో కనిపిస్తాయి. సంగీతానికి మతం లేదన్న మాట ఉంటుంది. భారతదేశమంటే ఇదీ అన్న ముగింపు ఉంటుంది. షేక్ హసన్ గురించి రాసినా ఇదే. షేక్ మహబూబ్ సుభానీ, కళీషాబీ దంపతుల గురించి రాసినా ఇదే. పేర్లు మార్చి అదే వ్యాసాన్ని మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు. ఈ వ్యాసాలన్నిటిలోనూ కనిపించని ప్రశ్న ఒకటుంది. ఈ మనిషికి కూలి ఎంత ఇచ్చారు?

ప్రశ్న మోటుగా ఉందని కొందరనొచ్చు. కళ దగ్గర కూలి మాట ఎత్తడం అపచారమని మన సాహిత్య, సంగీత విమర్శ చాలాకాలంగా మనకు నూరిపోసింది. 1980లో వచ్చిన 'శంకరాభరణం' మధ్యతరగతికి నేర్పిన పాఠమూ అదే. అందులో శంకరశాస్త్రి పేదరికం ఒక తేజస్సు. ప్రేక్షకుడు దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంటాడు. పక్కన మృదంగం వాయించేవాడి ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్నది ఆ సినిమాకు పట్టని సంగతి. సంగీతం దైవమైతే వాయించేవాడు భక్తుడవుతాడు. భక్తుడికి ప్రసాదం పెడతారు, కూలి ఇవ్వరు. అతడు ముస్లిం అయితే ఇంకో మెట్టు ఎక్కించి మతసామరస్యానికి ప్రతీకను చేస్తారు. ప్రతీకకు ఆకలి వేయదు కదా!

అసలు వీళ్ళెవరు? కృష్ణకు దిగువన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాదస్వరం పట్టిన ముస్లింలలో ఎక్కువమంది దూదేకులవాళ్ళు. దూది ఏకి పరుపులు కుట్టడం కులవృత్తి. ప్రభుత్వ లెక్కల్లో బి.సి.-బి. ఇంట్లో మాట తెలుగు. చిలకలూరిపేట పరిసరాల్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి నాదస్వరం దిగివచ్చిన కుటుంబాలు వీళ్ళలో ఉన్నాయి. చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టాడు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత తమిళదేశం పోయి నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర తంజావూరు పద్ధతి పట్టుకున్నాడు. శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టాడు. ఆయన శిష్యులైన సుభానీ, కళీషాబీల బతుకూ శ్రీరంగమే చేరింది. 2020లో ఆ దంపతులకు పద్మశ్రీ వచ్చినప్పుడు కేంద్రం జాబితాలో వాళ్ళ పేర్లు తమిళనాడు కింద ఉన్నాయి.

దీన్ని మనవాళ్ళు తమిళనాట తెలుగువాడి కీర్తి అని రాసుకున్నారు. పాలమూరు మనిషి పారా పట్టుకొని పోతే వలస అంటాం. కరవది మనిషి నాదస్వరం పట్టుకొని పోతే కీర్తి అంటున్నాం. విద్య కోసం పోయాడు, నిజమే. నేర్చుకున్నాక తిరిగి రాకపోవడానికి కారణం ఎవరు అడిగారు? గుడికో మేళం, పెళ్ళికో మేళం, సభలో కచేరీ ఉన్న చోటే నాదస్వరం పట్టినవాడు బతుకుతాడు. తెలుగునేల ఆ బతుకు ఇవ్వలేకపోయింది. కీర్తి అనే మాట కింద కప్పెట్టిన నిజం ఇది.

ఇక పని సంగతి. నాదస్వరం మన సన్నాయి కన్నా పొడుగు, ఊపిరి ఎక్కువ తాగుతుంది. ఊరేగింపులో నడుస్తూ ఊదాలి, పెళ్ళిపందిట్లో గంటలకొద్దీ ఊదాలి. పక్కన డోలు, తాళం, శ్రుతి పట్టేవాడు. ఆ శ్రుతి మనిషిని చాలాచోట్ల కరెంటు శ్రుతిపెట్టె ఇంటికి పంపించింది. అతని కూలి ఏమైందో లెక్క అడిగినవాడు లేడు. పెళ్ళిలో మేళాన్ని ఎవరు వింటారు? జనం మాట్లాడుకుంటూ ఉంటారు, వీళ్ళు వాయిస్తూ ఉంటారు. తాళి కట్టే నిమిషాన మాత్రం 'గట్టిమేళం, గట్టిమేళం' అని పురోహితుడు చెయ్యి ఊపుతాడు. అశుభమైన మాట ఏదీ చెవిన పడకుండా అడ్డుకట్ట వేయడం ఆ క్షణాన వాళ్ళ డ్యూటీ. మంగళానికి కాపలా కాసేవాడు మాత్రం పంక్తిలో ఎక్కడ కూర్చోవాలో తెలియక చివరిదాకా నిలబడే ఉంటాడు.

మా నెక్కొండ వైపు నాదస్వరం అరుదు. ఇక్కడ సన్నాయి, డోలు మంగలివాళ్ళవి. డప్పు మాదిగలది. బ్యాండుమేళంలో మాత్రం ముస్లిం పిల్లలూ, దళిత పిల్లలూ ఒకే ఎర్రకోటు తొడుక్కుంటారు. బయానా మేస్త్రీ చేతికి పోతుంది. మిగతావాళ్ళది రోజుకూలి. ఎదుర్కోళ్ళ నుంచి బరాత్ దాకా ఎన్ని గంటలన్న మాట బేరంలో రాదు. అర్ధరాత్రి దాటినా బరాత్ సాగితే ఆ గంటలు ఉచితం. మూఢంలో పని లేదు, ఆషాఢంలో లేదు, మొహర్రంలో లేదు. హిందూ పంచాంగం, ముస్లిం క్యాలెండరు రెండూ కలిసి ఈ మనుషుల పొయ్యిమీద నీళ్ళు పోస్తాయి. సామరస్యం గురించి రాసేవాళ్ళు దీన్నికూడా రాయొచ్చు. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా పెళ్ళిళ్ళ కాలంలో వచ్చిపడితే ఆ ఏడాది బతుకే పోయింది. పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి గానీ, మేళానికి పెట్టే డబ్బులో డీజే పెట్టె ఎక్కువభాగం మింగుతోంది.

కరవది నాదస్వరానికీ, నెక్కొండ బ్యాండుకూ పోలికేమిటని సంగీతజ్ఞులు నొసలు చిట్లిస్తారని తెలుసు. ఒకటి శాస్త్రీయం, ఇంకొకటి వీధి వాయిద్యం అంటారు. శాస్త్రంలో తేడా ఉంది, ఒప్పుకుంటాను. కూలి దగ్గర తేడా ఎంత? ఇద్దరికీ రాతపూర్వకమైన ఒప్పందం లేదు. ఇద్దరికీ పింఛను హక్కు కాదు, ఎవరో ఒకరి దయ. ఇద్దరూ కులం చేసే పనిగా లెక్కకొచ్చారు గానీ పనివాళ్ళుగా రాలేదు.

మా స్టేషన్ మీదుగా పోయే లైనులో డోర్నకల్ దాకా వెళ్ళి, అక్కడ చీలే లైను పట్టుకుంటే భద్రాచలం రోడ్డు చేరొచ్చు. గోదావరి ఒడ్డున రాముడి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా కాలంనాటిదని ప్రతి శ్రీరామనవమికీ పత్రికలు రాస్తాయి. ఆ రాముడి సన్నిధిలో నాదస్వరం ఊదినవాడు గోసవీడు షేక్ హసన్. ముత్యాలు పంపిన సుల్తాను పేరు అందరికీ తెలుసు. ఊపిరి పోసిన షేక్ పేరు ఎందరికి తెలుసు? ఆయనకు పద్మశ్రీ 2022లో ఇచ్చారు. అప్పటికి ఆయన లేడు, 2021లోనే చనిపోయాడు. చినమౌలానాకు పద్మశ్రీ 1977లోనే వచ్చినా, మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి 1998కి గాని ఇవ్వలేదు. 1999 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాడు. బిస్మిల్లా ఖాన్‌కు భారతరత్న 2001లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన ఇంటి డబ్బు ఇబ్బందుల గురించి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. బిరుదు బియ్యం కాదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇంకోవైపు గుడి ఉద్యోగాల్లో అన్యమతస్థుల లెక్క తీసే కాలం ఇది. తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి హిందువులు కాని ఉద్యోగులను తప్పించాలని 2024 నవంబరులో తీర్మానించింది. 2025 ఫిబ్రవరిలో 18 మందిపై చర్య తీసుకుంది. గుడి ఎవరిని పెట్టుకోవాలన్నది గుడి ఇష్టమని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళను ఒకటే అడుగుతాను. తరతరాలుగా గుడి వాకిట్లో ఊపిరి ధారపోసిన దూదేకుల కుటుంబానికి మీ జవాబేమిటి? సంగీతానికి మతం లేదని వేదిక మీద చెప్పి, జీతాల పట్టీ దగ్గర మతం అడిగితే, ఆ మొదటి మాటకు విలువేమిటి?

సభల సంగతి వేరే కాదు. కచేరీల సీజన్ మంగళవాద్యంతో మొదలవుతుంది. అప్పటికి కుర్చీలు నిండవు. సాయంత్రం పెద్ద కచేరీ గాయకులదీ, వీణవాళ్ళదీ. నాదస్వరాన్ని గుమ్మానికి కట్టిన మావిడాకు తోరణంలా వాడుకుంటారు. తోరణాన్ని ఎవరూ ఇంట్లోకి పిలవరు.

వాద్యం తయారుచేసేవాడి స్థితి ఇంకా అడుగున ఉంది. మృదంగం చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు కలిస్తేనే మృదంగం పలుకుతుంది. ఆ తోలు ఎవరు ఒలిచారో, ఎవరు సాగదీసి కట్టారో ఆ పుస్తకం చెప్పింది. దాని ఆవిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నై కళాక్షేత్ర కొన్ని రోజుల ముందు వెనక్కి తీసుకుంది. కృష్ణ పేరున్న గాయకుడు, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. ఆయనకే హాలు పోయిందంటే, ఆ మాట తోలు సాగదీసినవాడే అని ఉంటే ఏమయ్యేది? తెలుగులో అలాంటి పుస్తకం మనకేదీ? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకొయ్య తొలిచి వీణ చేసేవాళ్ళ చేతులను మనం జ్ఞాపికలుగా మాత్రమే ఎరుగుదుం.

ఇప్పుడు మనవాళ్ళ వైపు తిరుగుదాం. తప్పంతా అవతలివాళ్ళ మీద వేసి చేతులు దులుపుకుంటే ఈ విమర్శ సగమే. నేను ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి బతుకుతున్నవాణ్ణి. ఉర్దూ మహఫిల్లో గజల్ ఉంది, కవ్వాలీ ఉంది, తహజీబ్ అన్న పెద్దమాట ఉంది. నాదస్వరం పట్టిన దూదేకుల మనిషికి ఆ తహజీబ్‌లో చోటు లేదు. ఉర్దూ రాదు గనుక అతడు సగం ముస్లిం. గుళ్ళో ఊదుతాడు గనుక ఆ సగం కూడా అనుమానమే. సంగీతం హరామా, హలాలా అని గంటలు వాదించేవాళ్ళు మనలో ఉన్నారు. పనిచేసినవాడి మజ్దూరీని ఆలస్యం చేయొద్దన్న హదీసు వాళ్ళకు తెలియనిది కాదు. దర్గాల దగ్గర కవ్వాలీ పాడే మనిషికి విసిరే నోట్లు నజరానా అవుతాయి గాని మజ్దూరీ కావు. విసిరే చెయ్యి ఆగితే పాడే ఇంట్లో పస్తు. కౌమ్ అంతా ఒకటే అని చెప్పే పెద్దలు మాలో కులం లేదంటారు. దూదేకుల ఇంటికి పిల్లనిచ్చేటప్పుడు ఆ మాట ఎక్కడ పోతుందో వాళ్ళే చెప్పాలి.

ఇవన్నీ మారవని నేననుకోను. పాటను పనిగా గుర్తించడం సాధ్యమేనని మన కళ్ళముందే రుజువైంది. ఆలిండియా రేడియో ఆడిషన్ పెట్టి, గ్రేడు కట్టి, గ్రేడుకింత ఫీజు అని రాసిపెట్టింది. తక్కువో ఎక్కువో, లెక్క బహిరంగం. తెలంగాణ వచ్చాక 2014లో ఏర్పడిన సాంస్కృతిక సారథిలో ఐదువందలకు పైగా కళాకారులకు నెలజీతం దొరికింది. వాళ్ళ చేత ఎక్కువగా ప్రభుత్వ పథకాల మీదే పాడించారన్నది వేరే విమర్శ. డప్పుకూ, గొంతుకూ నెలజీతం ఉండొచ్చన్నది మాత్రం ఋజువైపోయింది. ఉద్యమం అడిగింది గనుక వచ్చింది. మేళం ఇంకా అడగలేదు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. గుడిలో వాయించేవాడికి మతం అడగని పోస్టు, స్కేలు, పింఛను. పెళ్ళి మేళానికి గంటల లెక్కన రాతపూర్వకమైన బేరం, మేస్త్రీతో పాటు తాళం వేసేవాడిదాకా ఎవరి వాటా ఎంతో అందులోనే. సభ ఇచ్చే పారితోషికం గాయకుడికెంతో, నాదస్వరానికెంతో, డోలుకెంతో పైకి చెప్పడం. మంగలి, మాదిగ, దూదేకుల వాద్యకారులు ఒకే సంఘంలో కూర్చోవడం. వీళ్ళను కులం విడదీసింది, మతం విడదీసింది. కలపగలిగింది కూలి ఒక్కటే.

చినమౌలానా గురించి, హసన్ గురించి ఇకమీద రాసేవాళ్ళకు నా మనవి. నమాజు గురించి రాయండి, కీర్తన గురించి రాయండి, కాదనను. దాని పక్కన ఎన్ని గంటలు ఊదాడో, ఎంత ఇచ్చారో, ఎప్పుడిచ్చారో కూడా రాయండి. ఆ మూడు అంకెలు వేయలేకపోతే సామరస్యమన్న మాట ఆ వ్యాసంలో వాడకండి. సరైన కూలి ముట్టాక ఆ మాట మీరు రాయనక్కరలేదు, ఆయనే చెబుతాడు.