నాజిల్ మేస్త్రీ పనితనం
విజయవాడ ఆటోనగర్‌లో పాత డీజిల్ బండ్లకు ఆయువు పోసేవాళ్లలో నాజిల్ మేస్త్రీలది ప్రత్యేక స్థానం. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేస్తారు. చప్పుడు మారకపోతే లోపం ఆ సిలిండర్‌లోనే అని పట్టేస్తారు. విప్పిన ఇంజెక్టర్‌ను చేతిపంపు టెస్టర్‌కు బిగిస్తారు. డీజిల్ సన్నని మంచులా చిమ్మాలి, కొసన బొట్టు కారకూడదు. ప్రెజర్ తగ్గితే స్ప్రింగు దగ్గర పల్చటి షిమ్ము వేసి సరిచేస్తారు. ఇంజెక్టర్ కొసనుండే నాజిల్ అరిగిపోతే దాని మీద చెక్కిన నంబరు చూసి అదే రకం ఎంచుతారు. రంధ్రాల కోణం తేడా వస్తే ఇంజన్ పొగ కక్కుతుంది. కొత్త రాగి వాషరు లేనిదే తిరిగి బిగించరు. సెట్టంతా మార్చి బిల్లు పెంచే వీలున్నా, చెడిందొక్కటే మార్చి బండిని రోడ్డెక్కించే మేస్త్రీని ఎంత మెచ్చుకున్నా తక్కువే.