జన్యువు విలువ మడిలోనే తేలాలి

ఒక లక్షణానికి కారణమైన జన్యువు వరి క్రోమోజోముల్లో ఎక్కడుందో గుర్తించగానే అసలు పని అయిపోయినట్టు చెబుతుంటారు. నా దృష్టిలో అది సగం పనే. ఆ జన్యువు ఏ నీటిలో మేలు చేస్తుందో, ఎక్కడ చేటు చేస్తుందో తేలేదాకా ఆ పని పూర్తికాదు. వరికి ముంపును తట్టుకునే శక్తినిచ్చే సబ్-1 జన్యువునే తీసుకోండి. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్‌13ఏ వరికి ముంపును తట్టుకునే శక్తి ఎక్కువగా 9వ క్రోమోజోములోని ఒకే చోటు నుంచి వస్తోందని 1996లో తేలింది. 2006లో ఆ జన్యువే దొరికింది. మన మారుటేరులో పుట్టిన స్వర్ణ వరిలోకి డీఎన్‌ఏ మార్కర్ల సాయంతో దాన్ని తెచ్చారు, 2009లో స్వర్ణ సబ్-1 విడుదలైంది. పైరు పూర్తిగా మునిగితే ఈ జన్యువు ఎదుగుదలను ఆపి, మొక్కలోని పిండిపదార్థాన్ని కాపాడుతుంది. రెండు వారాలు మునిగినా నీరు తీశాక మొక్క మళ్లీ చిగురిస్తుంది. కానీ లోతు నీరు నెలల తరబడి నిలిచే పల్లంలో బతకాలంటే నీటిని మించి ఎదగాలి. లోతునీటి వరిలోని స్నార్కెల్ జన్యువులు చేసేది ఆ పనే. విచిత్రమేమంటే ఇవీ సబ్-1 కుటుంబానివే. నీట మునిగిన మొక్కలో పేరుకునే ఇథిలీనే రెండింటినీ మేల్కొలుపుతుంది. ఒకటి ఆగమంటుంది, ఇంకొకటి సాగమంటుంది. ఏది మంచిదో చెప్పాల్సింది నీటి లోతు, అది నిలిచే రోజులు.

ఒక్క జన్యువుతో ఎన్నో ప్రాంతాల్లో ఫలితం వచ్చింది కదా, సబ్-1 విజయమే ఈ వాదనకు అడ్డు కదా అనవచ్చు. నిజమే, ముంపు దెబ్బ చాలా చోట్ల ఒకే తీరున తగులుతుంది. కరవు అలా కాదు. నాటిన కొత్తలో బెట్ట వేరు, పొట్ట దశలో బెట్ట వేరు. 12వ క్రోమోజోములో గుర్తించిన క్యూడీటీవై12.1 అనే స్థానం తీవ్రమైన బెట్టలో మెట్ట వరి దిగుబడిని బాగా పెంచింది. నీరు పెట్టిన మడిలో దాని జాడే లేదు. పైగా ఆ మేలు వచ్చింది వే రారెమ్ అనే, కరవుకు ఓర్వని రకం నుంచి! తడి మళ్లలోనే వెతికి ఉంటే అది దొరికేదే కాదు.

జన్యు సమాచారంతో కంప్యూటరే దిగుబడిని అంచనా కడుతుంటే పది చోట్ల పైరు వేసి చూడటం దేనికని మరో ప్రశ్న. ఆ పద్ధతులు అవసరమే. అయితే వాటికి పాఠం నేర్పేది పొలంలో కొలిచిన దిగుబడులే. అందుకే డీఎన్‌ఏ చదవడం చౌకవుతున్న కొద్దీ మిగిలే డబ్బు పరిశోధన స్థానాల మళ్లకు, పూత తేదీలు రాసుకునే క్షేత్ర సిబ్బందికి చేరాలి. సగటు దిగుబడితో పాటు ఏ చేలో ఎన్నాళ్లు నీరు నిలిచిందో, ఏ దశలో బెట్ట తగిలిందో కూడా ప్రచురించాలి. గోదావరి డెల్టా పల్లపు రైతుకూ పాలమూరు మెట్ట రైతుకూ ఒకే సగటు పనికిరాదు.