మానవయుగ లక్షణవిచారము

మనుష్యుడు భూమిని మార్చిన కాలమునకు క్రుట్జెన్, స్టర్మర్ పండితులు 2000లో 'ఆంత్రోపొసీన్' అను నామమును ప్రతిపాదించిరి. దానికి లక్షణము చెప్పబూనిన కార్యవర్గము 2023లో కెనడాలోని క్రాఫర్డ్ సరస్సు అడుగుమట్టిని ప్రమాణముగా గైకొని, 1952 నాటి హైడ్రోజన్ బాంబు పరీక్షలతో వ్యాపించిన ప్లుటోనియమును యుగారంభచిహ్న మనెను. 2024లో పై సంఘము దానిని త్రోసిపుచ్చెను.

అడవులు నరికి పొలములు చేసిన వేలయేండ్ల కృషి యిందు చేరలేదు గనుక అవ్యాప్తి యని యొక యాక్షేపము. అది నిలువదు. ఇచ్చట లక్ష్యము మనుష్యకృత్యము కాదు, కాలపు హద్దు. పొలిమేరరాయి గ్రామచరిత్రను చెప్పదు, చెప్పవలసిన పనియు లేదు. సేద్యము సీమకొక కాలమున పుట్టినది. ప్లుటోనియము భూమియంతట నించుమించుగా నొక్కమారే పడినది. అసాధారణధర్మ మన నిట్టిదే.

చిక్కు వేరొకచోట నున్నది. 11,700 ఏండ్ల హోలోసీనుతో డెబ్బదియేండ్ల కాలమును సమానజాతిగా నెంచుట యెట్లు? యుగమనక సంఘటన మనవలెనన్న గిబ్బర్డు ప్రభృతుల వాదమునకు బల మిచ్చటనే కలదు.