విషాద సారంగధరము: దండన, క్షమ

ధర్మవరము రామకృష్ణమాచార్యుల (1853-1912) ‘విషాద సారంగధరము’ తెలుగున తొలి విషాదాంత నాటకముగ ప్రసిద్ధము. భరతమతమును మీరి నాటకమును దుఃఖాంత మొనర్చుట తగునా యనుటపై చర్చ చాల జరిగినది. ఆ విషాదమునకు హేతువేమి యనునదియే యిచట విచార్యము.

చిత్రాంగి కామము, ఆమె మోపిన యపనింద హేతువులని తోచును. అవి యభియోగమునకు హేతువులు, విషాదమునకు గావు. రాజరాజనరేంద్రుడే యభియోగము విన్నవాడు, తీర్పు చెప్పినవాడు, క్షమింపగలవాడు. అన్నిటికి మించి, తానే యవమానితుడ ననుకొన్నవాడు. కావుననే తీర్పునకును దండనకును నడుమ వేఱొకరు విచారించుట కెడము లేకపోయెను. సత్యము తెలిసెను గాని, తెలియుట ఆలస్యమయ్యెను.

నాటకకర్త పుట్టిన సీమ కిట్టి కథలు క్రొత్తవి గావు. హిందూపురము చెంతనున్న లేపాక్షిలో, రాజాజ్ఞ అమలగుటకు ముందే విరుపణ్ణ తన కన్నులు తానే తీసికొనెనని చెప్పి గోడపై మరకలు చూపుదురు. తిమ్మరుసును అంధుని గావించిరని నూనిజ్ వ్రాసెను. ఆయన పెనుకొండలో బందీగ నుండెనని స్థలైతిహ్యము. ఐతిహ్యము చరిత్రప్రమాణము గాదు. ఐనను జనము మరువని దొక్కటి గలదు: రాజు పశ్చాత్తాపము పోయిన చూపు నీయజాలదు.

రామకృష్ణమాచార్యులు బళ్లారిలో న్యాయవాది. ఆయన యెఱిగిన న్యాయక్రమము వేఱు. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు చట్టము మొదలు, సెషన్సు కోర్టు విధించిన ఉరిశిక్షను పైకోర్టు ధ్రువపరచిన గాని అమలు పరుపరాదు. 1860 నాటి పీనల్ కోడు 54వ సెక్షను మరణశిక్షను తగ్గించు నధికారమును ప్రభుత్వమున కొసగెను. ఇట్టి మెట్లున్నచో చిత్రాంగి మాట యొక్కటియే ప్రాణాంతకము గాకపోవచ్చును.

అంతమాత్రమున పరపాలన దయామయ మనరాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరిదీసిరి. విచారణయు, తీర్పును జరిగినవి; ఆయన తల మాత్రము 1877 వరకు కోటపై వ్రేలాడెను. అప్పటికి మన నాటకకర్తకు 24 ఏండ్లు. ఎదిరింపబడిన పాలకులే అచట క్షమింపవలసినవారు. రాజరాజనరేంద్రుని స్థితియు నిదియే.

1950 నాటి రాజ్యాంగము 72, 161 అధికరణములలో క్షమాధికారమును రాష్ట్రపతికి, గవర్నరునకు నొసగినది. దాని వినియోగమును గూడ న్యాయస్థానము పరిమితముగ పరిశీలింపవచ్చునని ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2006లో నిర్ణయించినది. క్షమ ఏలికవాని యిచ్చ గాదని దీని భావము. ఈ దృష్టితో చదివినచో ‘విషాద సారంగధరము’ సవతితల్లి కథ మాత్రమే గాదు. కోపించినవాని చేతనే దండనయు, క్షమయు నుండరాదను వాదము గూడ.