కోత, వాత, రసి: రొమ్ము కేన్సర్ శస్త్రచికిత్స తరువాతి అనుభవానికి తెలుగు మాటలు

కీలకపదాలు: శస్త్రం, వాత, రసి, బోద, స్త్రీవాద కవిత్వం, తెలుగు సినిమా, వైద్యపరిభాష

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో యూసుఫ్‌గూడ, బోరబండల పక్కన ఉన్న బస్తీ రహమత్ నగర్. దానికి ఒకవైపు జూబ్లీహిల్స్. ఆ పైన తెలుగు సినిమా పరిశ్రమ నెలకొన్న ఫిల్మ్‌నగర్. ఎన్.టి. రామారావు సతీమణి బసవతారకం 1985లో కేన్సర్‌తో మరణించారు. ఆమె పేరిట బంజారాహిల్స్‌లో కట్టిన కేన్సర్ ఆసుపత్రి 2000లో ప్రారంభమైంది. కేన్సర్‌ను కథగా చెప్పే చోటు, కేన్సర్‌పై కత్తి పట్టే చోటు రెండూ ఈ బస్తీకి దగ్గరలోనే ఉన్నాయి. రొమ్ము తీసివేసిన తరువాత చంకకింద గొట్టంతో, దాని చివర సీసాతో ఇంటికి తిరిగివచ్చే స్త్రీకి సినిమా, సాహిత్యం, ఆరోగ్యరచన ఏ మాటలు ఇస్తున్నాయన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. కోత లేని కేన్సర్

తెలుగు ప్రేక్షకులకు కేన్సర్‌ను పరిచయం చేసిన చిత్రాలలో దాసరి నారాయణరావు దర్శకత్వం వహించిన 'ప్రేమాభిషేకం' (1981) ముఖ్యమైనది. తనకు కేన్సర్ ఉందని తెలిసిన నాయకుడు, ప్రేయసి తనను అసహ్యించుకుని మరొకరిని పెళ్ళాడేలా ప్రవర్తిస్తాడు. కె. అజయ్‌కుమార్ దర్శకత్వంలోని 'మాతృదేవోభవ' (1993)లో భర్తను పోగొట్టుకున్న తల్లికి రక్తకేన్సర్ వస్తుంది. పిల్లలను ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి దత్తత ఇవ్వడమే ఆమెకు మిగిలిన పని. ఈ రెండు కథలలో రోగం ఒక గడువు మాత్రమే. అది శరీరం మీద గుర్తు పెట్టదు. కుట్లు లేవు, కట్టు లేదు, చెయ్యి పైకెత్తలేని ఉదయం లేదు. త్యాగానికి నిండుగా ఉన్న శరీరం కావాలి గనుక, కత్తి అవసరంలేని కేన్సర్‌నే మెలోడ్రామా ఎంచుకుంది.

రొమ్ము కేన్సర్ ఈ సూత్రానికి ఒదగదు. గడువుకూ బతుకుకూ మధ్య అందులో ఒక కోత ఉంటుంది. ఆ కోత తరువాత చాలామంది స్త్రీలు ఏళ్ళ తరబడి జీవిస్తారు, పనికి వెళ్తారు, వంట చేస్తారు. మరణంతో ముగియని ఈ కథను తెలుగు వెండితెర దాదాపుగా పట్టించుకోలేదు.

సాహిత్యం కొంత మెరుగు. 1993లో వెలువడిన 'నీలిమేఘాలు' సంకలనం నాటికే స్త్రీవాద కవిత్వం ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' అందుకు నిదర్శనాలు. పరికరాల కింద పడుకున్న స్త్రీ అనుభవం కవితా వస్తువు కాగలదని అవి నిరూపించాయి. అయితే వాటి కేంద్రం గర్భం. అమెరికాలో ఆడ్రీ లార్డ్ 1980లోనే తన రొమ్ము తీసివేతను, కృత్రిమ రొమ్ము పెట్టుకోవడానికి తన నిరాకరణను గ్రంథంగా రాసింది. పారిస్‌లో 1811లో మత్తుమందు లేకుండా జరిగిన తన ఆపరేషన్‌ను ఫానీ బర్నీ అక్కకు ఉత్తరంగా వర్ణించింది. తెలుగులో గర్భాశయం గురించి పలికిన గొంతు రొమ్ము దగ్గర ఎందుకో తగ్గింది. చనుబాల చుట్టూ మన కవిత్వం కట్టిన పవిత్రత ఒక కారణం కావచ్చు. 'రొమ్ము' అన్న మాటనే నలుగురిలో పలకలేక 'ఛాతీ దగ్గర గడ్డ' అనే అలవాటు మరొకటి కావచ్చు.

3. శస్త్రానికి కీర్తి

సుశ్రుతసంహిత 101 యంత్రాలను, 20 శస్త్రాలను పేర్కొంటుంది. యంత్రం పట్టేది, శస్త్రం కోసేది. అగ్నిని, జలగను అనుశస్త్రాలలో చేర్చింది. అంటే కాల్చడం కూడా కోతకు తోబుట్టువే. తెలుగు వ్యవహారంలో దీనికి 'వాత' అన్న మాట ఉంది. ఇనుము కాల్చి చర్మంపై పెట్టడమే వాత. అమెరికాలో 1926లో న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్, విలియం బోవీ రూపొందించిన విద్యుత్ పరికరాన్ని వాడినప్పుడు, కోత, వాత ఒకే మొనలో చేరాయి. రక్తనాళాన్ని కోస్తూనే మాడ్చి మూసే ఈ కరెంటు కత్తి ఇప్పుడు రొమ్ము ఆపరేషన్లలో సర్వసాధారణం. హార్మోనిక్ స్కాల్పెల్ అన్న పరికరం కరెంటును శరీరంలోకి పంపకుండా, సెకనుకు 55,500 కంపనాలతో, తక్కువ వేడితో కోసి మూస్తుంది.

తెలుగు ఆరోగ్యరచనలో ఈ పరికరాలకు 'అత్యాధునిక', 'రక్తరహిత' వంటి విశేషణాలు పుష్కలం. ఆ విశేషణాలు దాచే విషయం ఒకటుంది. కరెంటు కత్తి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. కానీ మామూలు కత్తితో పోలిస్తే, చర్మం కింద నీరు చేరడం దానితో ఎక్కువని కొన్ని పరిశోధనలు చూపాయి. వేడికి దెబ్బతిన్న కొవ్వు, సరిగా మూసుకోని లింఫునాళాల చివరలు దీనికి కారణాలుగా చెబుతారు. హార్మోనిక్ పరికరంతో ఇది తగ్గుతుందని కొన్ని అధ్యయనాలంటే, తేడా లేదని మరికొన్ని అన్నాయి. తీసిన ఖాళీ ఎంత, చంకలోని గ్రంథులు ఎన్ని తీశారు, రోగి బరువెంత అన్నవీ లెక్కలోకి వస్తాయి. పరికరాన్ని నాయకుడిగా నిలిపే వాక్యంలో ఈ సందిగ్ధతకు చోటు లేదు. నాయకుడిని కొలిచే ఆ వాక్యనిర్మాణం ఫిల్మ్‌నగర్‌కు కొత్తదేమీ కాదు.

4. రసికి మాట

చర్మం కింద చేరే ఆ నీటిని వైద్యులు 'సెరోమా' అంటారు. తెలుగు ఆరోగ్యరచనలు ఆ మాటనే తెలుగు లిపిలో దించి ఊరుకుంటాయి. నిజానికి పుండు నుంచి కారేదాన్ని తెలుగువారు ఎప్పటినుంచో వేరువేరుగా గుర్తించారు: నెత్తురు, రసి, చీము. పలుచగా, పసుపుపచ్చగా ఊరేది రసి. చిక్కగా, దుర్వాసనతో వచ్చేది చీము. విషం పాకితే నంజు. ఈ భేదం చికిత్సలో ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. రసి చేరడం ఈ ఆపరేషన్ తరువాత సర్వసాధారణం. ఎక్కువైతే సూదితో తీస్తారు, చాలాసార్లు దానంతట అదే ఇంకిపోతుంది. చీము, జ్వరం, ఎర్రదనం కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. నొప్పికీ ఇదే వరస. పోటు, సలుపు, మంట, తిమ్మిరి ఒకటి కావు. చంక లోపలి నరం తెగితే పైచేతి లోపలివైపు వచ్చేది తిమ్మిరి. అది భయపడవలసింది కాదు. కోత అంచున చర్మం నల్లబడితే చూపించుకోవాలి.

ఈ మాటలు వాడని చోట ఖాళీని ఊహలు నింపుతాయి. నీరు చేరితే కేన్సర్ తిరిగి వచ్చిందన్న భయం, లేదా పత్యం చెడిందన్న నింద పుడతాయి. వంకాయ, గోంగూర, గుమ్మడికాయ తింటే చీము పడుతుందన్న నమ్మకం మన ఇళ్ళలో ఇప్పటికీ బలమైనదే. శస్త్రానికి, శరీరానికి మధ్య జరిగిన విషయానికి ఆమె తిన్న కూర దోషి అవుతుంది. భయంతో చెయ్యి కదపడం మానేస్తే భుజం బిగుసుకుంటుంది.

5. బోద

చంకలోని లింఫుగ్రంథులన్నీ తీసినవారిలో సుమారు 5 మందిలో ఒకరికి చెయ్యి వాపు వస్తుంది. ముందుగా కాపలా గ్రంథిని మాత్రమే తీసి పరీక్షించే పద్ధతిలో ఇది సుమారు 18 మందిలో ఒకరికి. 'లింఫెడిమా' అన్న లిప్యంతరీకరణ ఇక్కడా తప్పించుకునే మార్గమే అయింది. దీనికి దగ్గరగా తెలుగులో ఉన్న మాట 'బోద'. బోదకాలులో పురుగు లింఫుమార్గాన్ని మూస్తుంది, ఇక్కడ కోతగానీ రేడియేషన్ గానీ మూస్తుంది. జరిగేది ఇంచుమించు అదే. కానీ ఆ మాట వెంట దోమ, అంటు, వెలి కూడా వస్తాయి. కనుక 'బోద' వంటిదే, అయితే అంటదు అని చెప్పే వాక్యం కావాలి. పదం ఒక్కటే చాలని చోట వాక్యం రాయడమే రచయిత పని.

స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'సవాలక్ష సందేహాలు' (1991) ఆ దారి చూపింది. స్త్రీ అడిగే ప్రశ్నను పుస్తకానికి శీర్షికగా పెట్టడంలోనే దాని విమర్శ ఉంది. ఆ తరువాతి ఆరోగ్యరచన ప్రశ్నను వదిలి పరికరాన్ని పట్టుకుంది.

'బరువులు ఎత్తకండి, చేతికి గాయం కానివ్వకండి' అన్న సలహాలో కనిపించే చదువరి ఎవరు? జూబ్లీహిల్స్ ఇళ్ళలో అంట్లు తోమి, బట్టలు పిండే స్త్రీ అయితే కాదు. ఆమెకు బరువు, గాయం జీతంలో భాగాలు. ఏ చేత్తో బకెట్ ఎత్తాలి, పీచుతో గీసుకుపోతే ఏం చెయ్యాలి, ఎన్ని వారాలకు పనిలో చేరవచ్చు అన్నవి ఆమె సందేహాలు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటే ఇవేవీ అందులో దొరకవు.

ఆ స్త్రీ చేతిలో నిత్యం ఉండే పాఠ్యం గొట్టం చివరి సీసా. దానిమీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. రోజూ ఒకే వేళకు నీటిమట్టం చూసి రాసుకోవాలి. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్లకు తగ్గాక గొట్టం తీయడం ఎక్కువచోట్ల అనుసరించే పద్ధతి. ఆ కాగితం మీద మూడు గడులు సరిపోతాయి: తేదీ, ఎంత, ఏ రంగు. మూడో గడి కింద 'ఎరుపు', 'పసుపు రసి', 'చీము' అని అచ్చువేస్తే చాలు, అక్షరం రాని తల్లికి పక్కింటి పిల్ల చదివి గీత పెట్టగలదు.